డైక్రోమేట్ తొట్టి దగ్గర సింహాచలం చేతులు

1966 చలికాలం. ఖరగ్‌పూర్‌లో ఖరిదా బజారు చివర, రేకుల కప్పు వేసిన ఒక చిన్న ప్లేటింగ్ షాపులో నేను స్టోర్‌కీపర్‌ని. ప్లేటింగ్ అంటే ఇనుప సామాను తుప్పు పట్టకుండా దాని మీద మరో లోహపు పొర ఎక్కించడం. సైకిల్ సామాన్లు, తలుపు గొళ్ళాలు, బోల్టులు, కొక్కేలు మా దగ్గరకు నల్లగా వచ్చి తళతళలాడుతూ వెళ్ళేవి. యజమాని బెంగాలీ ఆయన. ఆయన్ని మేం దాదా అనేవాళ్ళం. పనివాళ్ళం పదకొండు మందిమి. అందులో సగం మంది శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చిన కుటుంబాల పిల్లలం. రైల్వేలో దొరకనివాళ్ళు ఇలాంటి షాపుల్లో చేరేవాళ్ళు.

నేనూ అలా చేరినవాణ్ణే. నాన్న ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. అన్నయ్యకు రైల్వే ఉద్యోగం దొరికింది, నేను మెట్రిక్ దగ్గరే ఆగిపోయాను. అయితే అన్నయ్య పేరు మీద రైల్వే ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీ కార్డు ఒకటి ఉండేది. ఆ కార్డును అన్నయ్య ఒక్కసారి కూడా వాడలేదు. నేను అరిగిపోయేదాకా వాడాను. పక్కన డిక్షనరీ పెట్టుకుని, ఒక్కో వాక్యం కూడబలుక్కుని ఇంగ్లీషు పుస్తకాలు చదివాను. నాకు నచ్చినవి నల్ల అట్ట నోట్‌బుక్కులోకి ఎక్కించుకునేవాణ్ణి. మా షాపులో వాడే ప్రతి రసాయనానికీ ఆ నోట్‌బుక్కులో ఒక పేజీ ఉండేది. షాపులో అందరూ నన్ను లైబ్రరీ బాబు అనేవాళ్ళు. ఆ పిలుపు విన్నప్పుడు మెడ కాస్త నిటారయ్యేది. దాచుకోవడం దేనికి?

ఆ నోట్‌బుక్కులో నేను అందరికంటే ఎక్కువ ఇష్టంగా రాసుకున్న పేజీ సోడియం డైక్రోమేట్‌ది. అదొక లవణం. వంట ఉప్పులోనూ దీనిలోనూ సోడియం ఉంటుంది, పోలిక అక్కడితో సరి. నారింజ రంగు పలుకులు, చూస్తే కలకండ గుర్తొస్తుంది. డ్రమ్ము మూత సరిగా వేయకపోతే గాలిలోని తేమను లాక్కుని ముద్దవుతాయి. నీళ్ళలో వేస్తే ఇట్టే కరిగి నీళ్ళు పసుపు కలిపినట్టు అవుతాయి. తోళ్ళు పదును చేయడానికి, పెయింట్లలో కలిపే రంగుపొడుల తయారీకి, కలపకు పురుగు పట్టకుండా ఉండడానికి దీన్ని వాడతారు. మా దగ్గర పాసివేషన్‌కి వాడేవాళ్ళం. జింక్ పూత వేసిన బోల్టుల్ని, కొంచెం ఆసిడ్ కలిపిన డైక్రోమేట్ నీళ్ళలో కొన్ని సెకన్లు ముంచి తీస్తే, వాటి మీద బంగారు రంగు పొర ఏర్పడుతుంది. అటూ ఇటూ తిప్పితే అందులో ఆకుపచ్చ, గులాబీ మెరుపులు కదులుతాయి. ఆ పల్చటి పొర ఉంటే జింక్ చాలాకాలం చెడిపోదు. ఆ పనినే పాసివేషన్ అంటారు.

ఇంకో సంగతి కూడా రాసుకున్నాను. ఈ లవణం తాను మండదు, పక్కనున్నదాన్ని మండిస్తుంది. ఇలాంటి వాటిని ఆక్సిడైజర్లు అంటారు. రంపపు పొట్టు, నూనె గుడ్డలు, ఎండు కట్టె దీనికి దగ్గరగా ఉండకూడదు. ఈ ముక్క చదివిన రోజే స్టోర్‌లో డ్రమ్ముల కింద పరిచిన రంపపు పొట్టంతా ఎత్తించి పారేయించాను. డ్రమ్ము దగ్గర బీడీ తాగితే ఊరుకోనన్నాను. దాదా నా భుజం తట్టి, “వాహ్ లైబ్రరీ బాబు, పూరా షాప్ బచా దియా!” అన్నాడు, షాపంతా కాపాడావని. ఆ మాటతో డైక్రోమేట్ విషయంలో జాగ్రత్తలన్నీ తీసుకున్నట్టే అనుకున్నాను.

డైక్రోమేట్ తొట్టి దగ్గర పని సింహాచలానిది. ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. తాల్‌బగీచాలో ఒక గది అద్దెకు తీసుకుని, భార్య నారాయణమ్మతో, పది నెలల కూతురితో ఉండేవాడు. బోల్టుల్ని తీగకు గుచ్చి, ఆ తీగను రెండు చేతులతో పట్టుకుని తొట్టిలో ముంచి, మనసులో లెక్కపెట్టుకుని, ఒక్క ఊపులో తీసేవాడు. క్షణం ఎక్కువైతే పొర ముదురు గోధుమ రంగులోకి పోతుంది, తక్కువైతే పట్టదు. అతని చేతిలో ఎప్పుడూ తప్పేది కాదు. మణికట్లదాకా పసుపు పచ్చగా ఉండే ఆ చేతులు చూపించి, “ఏటి బాబూ, నలుగెట్టినట్టు నేదూ?” అని నవ్వేవాడు. పాలిషింగ్ చేసే నిమాయ్‌దా అతన్ని “ఏ జామాయిబాబూ” అని పిలిచేవాడు, అంటే కొత్తల్లుడా అని.

మన ఇళ్ళల్లో పసుపు రంగును చూసి ఎవరు భయపడతారు? చేతికి పసుపు అంటితే శుభమనుకుంటాం. అతని చేతుల్ని చూసి మాకెవ్వరికీ అనుమానం రాలేదు.

రబ్బరు గ్లౌజులు షాపులో లేకపోలేదు. రెండు జతలు ఉండేవి, స్టోర్‌లో నా బీరువాలో. ఆసిడ్ సీసాలోంచి ఆసిడ్ వొంపేటప్పుడు నేను వేసుకునేవాణ్ణి. పని కాగానే కడిగి, ఆరబెట్టి, పౌడరు చల్లి, తిరిగి తాళం వేసేవాణ్ణి.

డిసెంబరు మొదట్లో ఒకరోజు సింహాచలం స్టోర్ దగ్గరకు వచ్చి చెయ్యి చాపాడు. వేళ్ళ కణుపుల మీద మూడు పుండ్లు. వాషర్ అచ్చు పెట్టి కొట్టినట్టు గుండ్రంగా, గట్టి అంచులతో, మధ్యలో గుంట పడి ఉన్నాయి. వాటి మీద కొబ్బరినూనెలో రంగరించిన పసుపు పట్టించుకున్నాడు.

“ఎన్నాళ్ళైంది?” అన్నాను.

“దసరా పండక్కి ముందు నుండి బాబూ. నొప్పి నేదు, అందుకే పట్టించుకోనేదు. సూడు.” బల్ల మీదున్న తీగ ముక్క తీసి గుంటలో పొడుచుకున్నాడు. మొహంలో ఏమీ కదల్లేదు.

ముక్కు సంగతి అప్పటికే షాపంతటికీ తెలుసు. కొన్నాళ్ళుగా అతని ముక్కులో పొక్కులు కట్టి రక్తం వచ్చేది. ఆ తర్వాత ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినిపించేది. నిమాయ్‌దా ఊరుకునేవాడు కాదు. “అరే, సింహాచలం కా ఇంజన్ సీటీ మార్ రహా హై! సిగ్నల్ దో భాయ్!” అని అరిచేవాడు, ఇంజన్ ఈల వేస్తోంది సిగ్నలివ్వండని. అందరం నవ్వేవాళ్ళం. సింహాచలం ఇంకా గట్టిగా ఊపిరి పీల్చి ఈల వేసి చూపించేవాడు.

ఆ సాయంత్రం లైబ్రరీకి వెళ్ళాను. అట్ట ఊడిపోయిన వైద్య పుస్తకం ఒకటి ఉండేది, నాకు దాని మీద గురి. నొప్పి లేని పుండ్లు ఏ రోగంలో వస్తాయో వెతికాను. ముక్కు లోపల దెబ్బతినడం ఏ రోగంలో వస్తుందో వెతికాను. రెండూ ఒకే పేజీలో కనిపించాయి. పెద్దరోగం, అంటే కుష్ఠు. ఒళ్ళు చల్లబడింది. నిజం చెప్పాలంటే ఆ చల్లదనం వెనకాలే, డాక్టరు సాయం లేకుండా కనిపెట్టాననే గర్వమూ ఉంది. స్పర్శ పోవడం అనే మాట కూడా ఆ పేజీలో ఉంది. నొప్పి తెలియకపోవడమూ అదీ ఒకటే అనుకున్నాను. పుస్తకం మూసేశాను.

మర్నాడు మధ్యాహ్నం సింహాచలాన్ని షాపు వెనక్కి పిలిచి చెప్పాను. అతను చేతులు తిప్పి చూసుకున్నాడు. ముక్కులోంచి ఈల వినిపిస్తోంది.

“సరిగ్గా సదివినావా బాబూ?”

“రెండుసార్లు చదివాను. ఆస్పత్రికి వెళ్ళు సింహాచలం. ఇప్పుడు మాత్రలున్నాయట.”

“ఆ లైన్లో నిలబడితే ఎవుడో ఒకడు సూస్తాడు. పని పోతాది. ఇంటాయన గది కాళీ సెయ్యమంటాడు. పిల్లనేసుకుని ఎక్కడికెల్తాను?” నా చెయ్యి పట్టుకోబోయి, మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు. “నువ్వు సెప్పకు బాబూ. నీకు దణ్ణమెడతాను.”

చెప్పనని మాట ఇచ్చాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. అతని రహస్యం కాపాడాలి, మిగిలినవాళ్ళకు రోగం అంటకుండా చూడాలి అని నాకు నేనే ఒక ఏర్పాటు చేశాను. అంతవరకూ సింహాచలం ఒకపూట తొట్టి దగ్గర, ఇంకోపూట అందరితో కూర్చుని తీగలకు బోల్టులు గుచ్చే పనిలో ఉండేవాడు. తీగలు నలుగురి చేతుల్లో తిరుగుతాయి కదా అని, దాదాకి ఏదో కారణం చెప్పి, రెండు పూటలా అతన్ని తొట్టి దగ్గరే పెట్టించాను. అతని నీళ్ళ గ్లాసు వేరు చేశాను. ఆ తొట్టి పక్కనే క్రోమ్ ప్లేటింగ్ తొట్టి ఉంది. కరెంటు పెట్టినప్పుడు దానిలోంచి సన్నటి తుంపర లేస్తుంది. డైక్రోమేట్‌లో ఉన్న క్రోమియమే అందులోనూ ఉంటుంది. ఆ మూలకు ఇంకెవరూ వెళ్ళనక్కర్లేకుండా చేశాననుకుని, నా తెలివికి నేనే సంతోషించాను.

నాలుగు నెలలు గడిచాయి. పుండ్లు మూడు ఏడయ్యాయి. రోగం ముదురుతోందనుకున్నాం ఇద్దరం.

ఇంట్లో ఏం జరుగుతోందో తర్వాత తెలిసింది. సింహాచలం వసారాలో పడుకునేవాడు. విస్తరాకులో తినేవాడు. పిల్లను ఎత్తుకోవడం మానేశాడు. అది పాకుతూ వచ్చి కాలు పట్టుకుంటే, “తియ్యే, పిల్లని తియ్యే” అని భార్యను కేకలేసేవాడట. కారణం మాత్రం చెప్పలేదు.

ఆ ఏడు శ్రీరామనవమి వచ్చింది. తాల్‌బగీచా తెలుగువాళ్ళంతా కలిసి పందిరి వేసి భోజనాలు పెట్టేవాళ్ళు. పులిహోర కలపడం ఏటా సింహాచలం వంతు. పెద్ద గంగాళంలో అన్నం గుమ్మరించి, మోచేతులదాకా కడుక్కుని కలిపేవాడు. మెతుకు విరిగేది కాదు, ఉప్పూ పులుపూ ఎంత అడుగుకైనా ఒక్కలా పట్టేవి. ఆ రోజు అతను పందిరి గుంజకు ఆనుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

“ఓరి సింహాచలం, దొరలా నిలబడినావేటిరా? సెయ్యి కడుక్కో, అన్నం సల్లారిపోతంది!” అని వంట దగ్గరున్న పెద్దాయన కేకేశాడు.

సింహాచలం ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను, ఎవరికీ కనబడకుండా. అతను మొహం దించుకుని, “సెయ్యి బెణికింది మావా” అన్నాడు.

ఎవరికీ కనబడలేదని నేననుకున్నాను. నారాయణమ్మ చూసింది. మర్నాడు పిల్లను చంకనేసుకుని మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి అడిగింది.

“అన్నియ్యా, ఆయనకేటైనాది?”

“ఏమీ లేదమ్మా.”

“నాతో అబద్దమాడకు. ఇంకో ఆడదేమో అనుకుని ఏడ్సినాను ఇన్నాళ్ళూ. నిన్న నువ్వు తలూపడం సూసినాను. నువ్వొద్దన్నావు, ఆయన మానేసినాడు. మా ఇంట్లో సంగతి నీకు తెలిసి నాకు తెలీకపోడమేటి?”

చెప్పేశాను. ఆమె ఏడవలేదు. పిల్లను ఇంకో చంకకి మార్చుకుని, “ఎవురు సెప్పినారు? డాక్టరా?” అంది.

“పుస్తకంలో చూశాను.”

ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “రేపు ఆస్పత్రికెల్తన్నాం. నువ్వూ రా” అంది.

పెద్దరోగానికి మందులిచ్చే ఆస్పత్రి ఊరికి కాస్త దూరంలో ఉంది. అక్కడ దయామణి అనే నర్సు ఉండేది. కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. తలంతా నెరిసింది, గొంతు మాత్రం స్టేషన్ మైకులా ఉండేది. ముందు సింహాచలం చేతుల మీది పసుపును సబ్బు పెట్టి కడిగించింది. కళ్ళు మూసుకోమంది. దూదిని సన్నగా పేని, దాని కొసతో పుండ్ల చుట్టూ చర్మాన్ని తాకుతూ అడిగింది.

“ఎక్కడ తాకినాను?”

“ఇక్కడ.”

“ఇప్పుడు?”

“ఇక్కడ. చిటికినేలు పక్కన.”

ఒక్కటీ తప్పలేదు. మోచేతులు, చెవులు, వీపు అన్నీ చూసింది. దూది పక్కన పడేసింది.

“పెద్దరోగం మచ్చయితే దూది తాకితే తెలీదయ్యా. నీకు దూదేటి, దూది నీడ కూడా తెలస్తంది. ఏం పని చేస్తావు నువ్వు?”

“బోల్టులు ముంచుతాను సిస్టరమ్మా.”

“దేంట్లో?”

సింహాచలం నా వైపు చూశాడు.

“సోడియం డైక్రోమేట్‌లో” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకు అర్థమవడం మొదలైంది.

“ఒట్టి చేతుల్తోనా? మీ దగ్గర గ్లౌజులు లేవా?”

“ఉన్నాయి.”

“ఎక్కడ?”

“నా బీరువాలో.”

“బీరువాకి పుండ్లు పడకుండా దాచావా బాబూ?”

నారాయణమ్మ నేల చూస్తోంది. ఇలాంటి చేతులు తోళ్ళ పనివాళ్ళ దగ్గర ఇంతకుముందు చూశానని దయామణి చెప్పింది. తర్వాత డాక్టరు వచ్చి ముక్కులో లైటు వేసి చూశాడు. రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడకు చిల్లు పడిందన్నాడు. అది ఇక పూడదు. చేతి పుండ్లు మాత్రం ఆ నీళ్ళకు దూరంగా ఉంటే మానతాయి. పరీక్షల్లో కూడా పెద్దరోగం ఏమీ కనబడలేదు.

సింహాచలం ఆస్పత్రి మెట్ల మీద కూర్చుండిపోయాడు. బయటికి వచ్చిన దయామణిని ఒక్కటే అడిగాడు. “అయితే పాపనెత్తుకోవచ్చా సిస్టరమ్మా?”

“కట్టు కట్టుకుని, సబ్బుతో కడుక్కుని ఎత్తుకో. ఎవరు వద్దన్నారు?”

అతను నా పేరు చెప్పలేదు.

వాళ్ళతోపాటు ఇంటిదాకా వెళ్ళాను. పక్కింటావిడ దగ్గర వదిలిన పిల్లను నారాయణమ్మ తీసుకొచ్చింది. సింహాచలం మోకాళ్ళ మీద కూర్చుని కట్టు కట్టిన చేతులు చాపాడు. “రా అమ్మా, రా నాన్నా, అయ్య కాడికి రా” అన్నాడు. పిల్ల ఆ చేతుల వైపు చూసి, గుక్క పట్టి ఏడుస్తూ తల్లి మెడను కరుచుకుపోయింది. నాలుగు నెలలంటే ఆ వయసు పిల్లకు చాలా కాలం. అది నడక నేర్చుకున్న నాలుగు నెలలు. అతను వసారా చివర నిలబడి చూశాడు తప్ప దాని వేలు పట్టుకోలేదు.

వచ్చేస్తుంటే వీధి మలుపుదాకా నాతో వచ్చాడు. తిట్టలేదు. “నువ్వు సదివినావు గదా అని నమ్మినాను బాబూ” అన్నాడు, అంతే.

మర్నాడు లైబ్రరీకి వెళ్ళి, నేను నోట్‌బుక్కులోకి ఎక్కించుకున్న ఆ రసాయనాల పుస్తకం తీశాను. డైక్రోమేట్ గుణాలు, ఉపయోగాలు, నిల్వ గురించి రాసిన చోట మార్జిన్‌లో నా పెన్సిలు గీతలున్నాయి. నిల్వ గురించిన పేరా పేజీ చివర ముగుస్తుంది. పేజీ తిప్పితే మొదటి పేరా ఈ లవణంతో పనిచేసేవాళ్ళ గురించే. చేతుల మీద గుండ్రటి పుండ్లు, వాటికి నొప్పి అంతగా ఉండకపోవడం, ముక్కు గోడకు చిల్లు పడడం, అన్నీ వరసగా ఉన్నాయి. గ్లౌజులు వేసుకోవాలని, ముక్కు లోపల వాజిలిన్ రాసుకోవాలని, తుంపరను బయటికి లాగే ఫ్యాను పెట్టాలని ఉంది. అక్కడ పెన్సిలు గీత లేదు. లవణం ఏం చేస్తుందో తెలుసుకోవాలన్న ఉత్సాహంలో, అది మనిషిని ఏం చేస్తుందో చెప్పే పేజీ నేను తిప్పలేదు.

తర్వాత చేయగలిగినవి చేశాను. దాదా ముందు నా తప్పు ఒప్పుకున్నాను. గ్లౌజులు బీరువాలోంచి తొట్టి పక్కన మేకుకు మారాయి. తీగలకు పొడుగాటి కొక్కేలు చేయించాం. గోడకు ఫ్యాను పెట్టించాం. నేల మీద డైక్రోమేట్ ఒలికితే చల్లడానికి అన్నభేది అనే ఇనుప లవణం కరిగించిన నీళ్ళు, కొంచెం ఆసిడ్ కలిపి, సిద్ధంగా ఉంచాను. అది పడితే పసుపు రంగు పోయి ఆకుపచ్చగా మారుతుంది, అప్పుడు దాని విషం చాలావరకు తగ్గుతుంది. కొత్తవాళ్ళెవరు చేరినా ముందు ఆ పేరా తెలుగులో చదివి వినిపించాకే పనిలోకి పంపేవాణ్ణి. మరెవరి చేతికీ అలాంటి పుండు పడలేదు.

ఇవన్నీ సింహాచలం వెళ్ళిపోయాక జరిగాయి. అతను మళ్ళీ షాపులో అడుగుపెట్టలేదు. చేతులు మానాక ఒక కట్టెల అడితిలో చేరాడు. పులిహోర కలపడానికి మాత్రం మళ్ళీ రాలేదు. నాలుగు నెలలు తనను తాను అంటరానివాణ్ణి చేసుకున్న మనిషికి, రోగం కాదని ఒక డాక్టరు చెప్పినంత మాత్రాన ఆ బెరుకు పోదని అప్పుడు నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ చదవలేదు.

ఆరేడేళ్ళ తర్వాత ఒక ఆదివారం ఖరిదా బజారులో కూరగాయలు కొంటుంటే, వెనక నుంచి సన్నటి ఈల వినిపించింది. తిరగకుండానే తెలిసింది. పక్కన కూతురు, రెండు జడలతో, సంచి మోస్తూ ఉంది.

“బాగున్నావా సింహాచలం?”

“ఆఁ బాబూ. ఇంకా సదువుతున్నావా?”

“చదువుతున్నాను.”

“ఏటి పుస్తకమైనా ఆకరిదాకా సదువు బాబూ.” ఎత్తిపొడుపు కాదు, చాలా మెత్తగా అన్నాడు.

ఎవరైనా పనివాడు జబ్బు గురించి నన్నడిగితే ఇప్పుడు నేను పుస్తకం దగ్గరకు వెళ్ళను. నువ్వేం పని చేస్తావు, దేంట్లో చెయ్యి పెడతావు అని అడిగి, డాక్టరు దగ్గరకు తీసుకెళ్తాను. దయామణి సిస్టర్ ఒక్క నిమిషంలో అడిగిన ఆ ప్రశ్నకు జవాబు నాలుగు నెలలుగా నా దగ్గరే ఉంది. ఆ లవణాన్ని తూచి అతనికిచ్చిన చెయ్యి నాదే.

ఆ రోజు బజారులో సింహాచలం నాతో మాట్లాడుతున్నంతసేపూ, మచ్చలు పడి ఏనాడో మానిపోయిన ఆ చేతుల్ని వెనక్కి కట్టుకునే ఉన్నాడు. సంచి బరువుకు పిల్ల ఒక పక్కకు ఒరిగిపోతోంది. అయినా తండ్రిని పట్టుకోమని అడగలేదు. దానికి అలా అడిగే అలవాటు లేదు.